లెన్సూ ఒక కత్తెరే

మా పెదనాన్న పోయిన తొమ్మిదో రోజు పొద్దున్నే వైజాగ్ డాబాగార్డెన్స్‌లో ఒక ఫ్లెక్సీ షాపులో కూర్చుని ఉన్నాను. పెద్దకర్మకి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ కావాలి. నా దగ్గరున్నది వాట్సాప్‌లో వచ్చిన ఒకే ఒక్క ఫోటో. రెండేళ్ళ కిందట మా చెల్లెలి పెళ్ళిలో స్టేజీ మీద తీసిన గ్రూపు ఫోటో అది. తొమ్మిది మంది వరసగా నిలబడ్డారు. కుడి చివర పెదనాన్న.

"ఇంకో ఫోటో లేదా సార్?" అన్నాడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు.

లేదు. ఆయన వయసులో ఉన్నప్పటివన్నీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి పోయాయి. సింధియా దగ్గర వాళ్ళది రేకుల ఇల్లు. రేకులు లేచిపోయి ట్రంకుపెట్టె నిండా నీళ్ళు చేరాయి. పెళ్ళి ఆల్బమ్ తడిసి ఒకే ముద్దయింది. ఎండబెట్టి పేజీలు విడదీయబోతే పెదనాన్న ముఖం ఊడి, ఎదురు పేజీలో పెద్దమ్మ చీరకి అంటుకుపోయింది. ఆ తర్వాత తీసినవి ఫోన్లలో ఉండేవి, ఫోన్లతోపాటే పోయాయి. ఆధార్ కార్డు మీద ఒకటుంది గానీ, అందులో ఉన్నది ఆయనేనని పోల్చుకోవాలంటే ఆయన ముందే తెలిసి ఉండాలి.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. పన్నెండేళ్ళుగా మెడలో కెమెరా వేసుకుని తిరుగుతున్నాను. జాలారిపేట పడవల్ని తీశాను, ఎర్రమట్టి దిబ్బల్ని తీశాను, కైలాసగిరి మీద నుంచి సముద్రాన్ని ఎన్నిసార్లు తీశానో నాకే తెలీదు. పెదనాన్నని ఒక్కసారి కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తియ్యలేదు.

కుర్రాడు జూమ్ చేశాడు. "పెద్దది చేస్తే పగిలిపోద్ది సార్," అన్నాడు. నిజమే, ముఖం వెడల్పు మొత్తం వంద పిక్సెళ్ళు కూడా లేదు. అయినా అతని చెయ్యి ఆగలేదు. పక్కవాళ్ళని కోసేశాడు. వెనకున్న పూల డెకరేషన్ తీసేసి నీలం ఆకాశం, తెల్ల మబ్బులు పెట్టాడు. "కోటు వేసెయ్యమంటారా? అందరూ వేయించుకుంటున్నారు," అన్నాడు. వద్దన్నాను. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి, పొట్టిచేతుల చొక్కా తప్ప ఇంకోటి వేసుకుని ఎరగరు. ఆఖర్న ఆయన ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి. పక్కన నిలబడ్డవాళ్ళవి. "తీసేద్దాం సార్," అని చొక్కా రంగు తెచ్చి వేళ్ళ మీద రుద్దాడు. రెండు నిమిషాలు పట్టలేదు.

పెద్దకర్మ రోజున షామియానా కింద ఆ ఫ్లెక్సీ కట్టాం, దండ వేశాం. వచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. పెద్దమ్మ మాత్రం చాలాసేపు చూసింది.

"ఈయనేటిలాగ ఒక పక్కకి ఒరిగిపోనారు?"

ఎవరికీ ఏం చెప్పాలో తోచలేదు. అరుగు మీద కూర్చున్న మా నాన్న అన్నాడు: "నేను చెయ్యేశాను కదొదినా."

చెయ్యి పోయింది. దాని బరువు మాత్రం ఫోటోలో ఉండిపోయింది. ఆ రోజు నుంచీ మనుషుల్ని ఫోటో తియ్యడం గురించి నేను నమ్మినవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాను. చాలావాటికి బూజు పట్టింది. వైజాగ్ గాలికి లెన్సుల్లో పట్టే ఫంగస్ లాంటిదే.

## ముక్కు లెక్క

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, తర్వాత దాంతో దెబ్బలాడుకుందాం. మనిషి ఫోటోలో లెన్సు చేసే పనీ, క్రాప్ (తీశాక అంచులు కొయ్యడం) చేసే పనీ ఒకటే. రెండూ కోతే. ఎంత ఉంచాలి, ఎంత తీసెయ్యాలి అన్నదే వాటి పని. ముఖం ఎలా కనిపించాలన్నది అంతకుముందే, మనం ఎక్కడ నిలబడ్డామన్న దాంతోనే తేలిపోయి ఉంటుంది. మనం డబ్బు ఖర్చుపెట్టేది మాత్రం కత్తెర మీద.

"24 ఎం.ఎం.తో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, 85తో తీస్తే ముఖం సన్నగా వస్తుంది" అని ఫోటోగ్రాఫర్లు చెప్పగా విననివాళ్ళు ఉండరు. (ఈ అంకె లెన్సు ఫోకల్ లెంగ్త్. అది పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గి, పట్టింది పెద్దగా కనిపిస్తుంది.) నేనూ చాలామందికి చెప్పాను. కానీ ముక్కుని పెద్దది చేసేది లెన్సు కాదు, దాంతో ఫ్రేము నింపడానికి మనం వేసే రెండడుగులు. ముక్కు కొన నుంచి చెవి దాకా ఓ 12 సెంటీమీటర్లు అనుకుందాం. ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ పట్టుకుంటే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే తేడా 6 శాతం. ఈ లెక్కలో లెన్సు పేరు ఎక్కడా రాలేదు చూడండి.

ఇది నా ఒక్కడి గోల కాదు. సెల్ఫీలు చూసుకుని ముక్కుకి ఆపరేషన్ చెయ్యమని వచ్చే వాళ్ళ సంగతి మీద 2018లో అమెరికా డాక్టర్లు జామా ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ అనే పత్రికలో ఇలాంటి లెక్కే రాశారు. 12 అంగుళాల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందనీ, 5 అడుగుల దూరానికి ఆ తేడా దాదాపు పోతుందనీ తేల్చారు. పాపం ముక్కుల తప్పేం లేదు. చెయ్యే పొట్టిది.

నమ్మనివాళ్ళు ఇంట్లోనే చేసి చూడొచ్చు. నేను మా మేనకోడల్ని కిటికీ పక్కన నిలబెట్టి, రెండు మీటర్ల దూరంలో నేల మీద చాక్‌పీసుతో గీత గీసుకుని, కెమెరాతోపాటు వచ్చిన 18-55 లెన్సుతో 18 దగ్గర ఒకటి, 55 దగ్గర ఒకటి తీశాను. 18తో తీసిన దాన్ని 55 అంత అయ్యేదాకా కోశాను. రెండిట్లో ముఖం ఒకటే. ముక్కు, చెవులు, గడ్డం అన్నీ ఒకే కొలత. తేడా అల్లా 24 మెగాపిక్సెళ్ళలో రెండున్నర మాత్రం మిగలడం.

దూరం ఎక్కువైతే ఇంకో చిక్కు. ఐదు మీటర్ల నుంచి తీస్తే ముక్కుకీ చెవికీ ఉన్న ఆ తేడా 2 శాతానికి వచ్చేస్తుంది. ముఖం అట్ట మీద అతికించినట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు చూసే ముఖమే మనకి గుర్తుండే ముఖం. అది మీటరున్నర నుంచి రెండున్నర మీటర్ల లోపు. కాఫీ గ్లాసు అందుకునేంత దగ్గరా కాదు, కేకేసి పిలవాల్సినంత దూరమూ కాదు. మా ఇళ్ళల్లో అరుగు మీద కూర్చున్నవాళ్ళకీ గుమ్మంలో నిలబడ్డవాళ్ళకీ మధ్య ఉండేది అంతే. నా వరకు పోర్ట్రెయిట్ దూరం అదే.

"మరైతే మావయ్యా, ఆ 85 లెన్సు ఎందుకు కొన్నావు?" అంది మేనకోడలు.

## ఎందుకు కొన్నానంటే

బోనస్ వచ్చింది కాబట్టి కొన్నాను. ఇంతకంటే నిజాయితీగా చెప్పలేను.

కొన్న రోజు సాయంత్రం ఎంవీపీ కాలనీలో మా హాల్లో మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. నాది క్రాప్ సెన్సార్ కెమెరా, అంటే లోపల బొమ్మ పడే సెన్సార్‌ని తయారీలోనే కోసి ఇచ్చిన కెమెరా. దాని మీద 85 పెడితే ఫుల్‌ఫ్రేమ్ (కొయ్యని పెద్ద సెన్సార్) మీద 136 పెట్టినట్టు. మనిషి తల నుంచి నడుము కింది దాకా, అంటే ఓ మీటరు ఎత్తు నిలువు ఫ్రేములో పట్టాలంటే దాదాపు 3.8 మీటర్లు వెనక్కి జరగాలి. మా హాలు పొడవు పదకొండు అడుగులు, అంటే 3.35 మీటర్లు. వాష్‌బేసిన్ పక్కన గోడకి ఆనుకుని నిలబడినా నడుము రాలేదు. "ఫోటో తీస్తున్నారా, వీపుతో గోడకి సున్నం తుడుస్తున్నారా?" అంది మా ఆవిడ. ఆ తర్వాత పాత 50 పెట్టి తీస్తే రెండుంబావు మీటర్లకే పనైపోయింది. మన అపార్టుమెంట్లలో క్రాప్ సెన్సార్ ఉన్నవాళ్ళకి తక్కువ ధరలో దొరికే 50 ఎఫ్ 1.8 (ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే వెలుగు దూరే కన్నం అంత పెద్దది) చాలు అని నేనిప్పుడు అంటున్నది ఆ సున్నం మరక సాక్షిగానే.

కానీ నా వాదనకి ఎదురు నేనే చెప్పాలి. కోతలన్నీ ఒకటే అయితే 50తో తీసి 85 అంత కోసుకుంటే సరిపోవాలి. కొంత సరిపోతుంది. 24 మెగాపిక్సెళ్ళలో 8కి కాస్త పైన మిగులుతాయి. 12 అంగుళాలకి 8 అంగుళాల ప్రింటుకి అది దాదాపు సరిపోయినట్టే. ఫోన్ కంపెనీలు చేసేదీ ఇదే. 2022లో ఐఫోన్ 14 ప్రోలో వచ్చిన 2ఎక్స్ జూమ్ వేరే లెన్సేమీ కాదు. 48 మెగాపిక్సెళ్ళ సెన్సార్ నడిబొడ్డున ఉన్న 12 కోసి ఇస్తుంది. కత్తెరకి 2ఎక్స్ అని పేరు పెట్టారు.

వెనక మసక దగ్గరికొచ్చేసరికి మాత్రం 50 తేలిపోతుంది. ఒకే దూరం నుంచి తీసి ఒకే కొలతకి కోసినప్పుడు వెనక ఎంత మసకబారుతుందన్నది లెన్సులో వెలుగు దూరే కన్నం ఎంత వెడల్పన్న దాని మీద ఉంటుంది. 50 ఎఫ్ 1.8లో ఆ కన్నం 28 మిల్లీమీటర్లు, 85 ఎఫ్ 1.8లో 47. కత్తెరతో ఎంత కోసినా 28 పోయి 47 అవదు. కాబట్టి 85 కొన్నవాళ్ళు కొన్నది ముఖం కాదు, వెనకున్న మసకని.

మసకంటే నాకు కోపం లేదు. దాన్ని వాడుతున్న తీరంటేనే చిరాకు. పెళ్ళికి ముందు ఫోటోషూట్ అని తెల్లవారకుండానే ఎర్రమట్టి దిబ్బల దాకా పోతారు. అంత దూరం పోయి, ఎఫ్ 1.4లో తీసి, ఆ దిబ్బల్ని ఎర్రటి పొగ చేసి తెచ్చుకుంటారు. ఆ పొగ గోడకి ఎర్ర దుప్పటి కట్టినా వస్తుంది. రుషికొండలో తీసినదీ అంతే, నీలం పొగ. వైజాగ్‌లో ఉన్నామని చెప్పేది ఒక్కటీ ఫ్రేములో మిగలదు. ఫ్లెక్సీ షాపు కుర్రాడి నీలం ఆకాశానికీ దీనికీ ఎంత తేడా ఉందని అడగాలనిపిస్తుంది. అతను రెండు నిమిషాల్లో పెట్టాడు, పైగా ఊరికే.

పొడవు లెన్సుకి నిజంగా సార్థకత ఉన్న చోటు ఒకటి చెప్తాను. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మనిషిని నిలబెట్టి మీటరు దూరం నుంచి ఫోన్‌తో తీస్తే వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ గీతలా కనిపిస్తుంది. మనమే ఏడెనిమిది మీటర్లు వెనక్కి పోయి 135తో తీస్తే ఆ కొండ లేచి వచ్చి మనిషి భుజం వెనక నిలబడుతుంది. ముఖం కాస్త పలచబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఊరు వస్తుంది. సాయంత్రం పూట అయితే మరీ బాగుంటుంది. మన సముద్రం తూర్పున కదా, నాలుగున్నర దాటాక సూర్యుడు ఊరి వెనక్కి దిగిపోతాడు, సముద్రం వైపు తిరిగిన ముఖం మీద ఆకాశం వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. కళ్ళు చికిలించక్కర్లేదు. పొద్దున ఆరింటికి అదే చోట అటు తిప్పి నిలబెడితే ఎండ నేరుగా కళ్ళల్లో పడుతుంది. ఇంకోమాట, అరగంటకోసారి లెన్సు ముందు అద్దం చూసుకోండి. ఉప్పు పొర పేరుకుంటుంది. చాలామంది "సాఫ్ట్‌గా వచ్చింది" అని మురిసిపోయేది దాన్నే. చొక్కా కొసతో తుడవకండి.

## కత్తెర ఆగే చోటు

పెదనాన్న ఫోటోలో ముఖం కూడా ఆయనది కాదు. ఇది చెప్పడం మర్చిపోయాను. బుగ్గలు పక్కకి లాగినట్టు, తల ఉన్నదానికంటే వెడల్పుగా ఉంది. పెళ్ళి ఫోటోగ్రాఫరు తొమ్మిది మందిని పట్టించడానికి 24 ఎం.ఎం. దాకా వెడల్పు చేసి తీశాడు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 24తో తీసిన ఫోటోలో అటు చివరా ఇటు చివరా ఉన్న తల నడిమి తలతో పోలిస్తే నిలువు కంటే అడ్డం పాతిక శాతం సాగుతుంది. దాన్ని ఎంత జాగ్రత్తగా కోసినా ఆ సాగుడు అలాగే వస్తుంది. నడిమధ్య నుంచి కోస్తేనే కత్తెర లెన్సుతో సమానం. అంచు నుంచి కోస్తే కాదు. మన గ్రూపు ఫోటోల్లో అంచుల్లో నిలబడేది ఎవరు? కుర్చీలు వెతికి మిగతావాళ్ళని సర్దే పెద్దవాళ్ళు. రేపు ఫ్లెక్సీకి కావాల్సింది వాళ్ళ ఫోటోలే. వాళ్ళని నడిమికి జరపండి అని ఇప్పుడు ప్రతి పెళ్ళిలోనూ అరుస్తున్నాను. విసుక్కుంటున్నారు.

క్రాప్ చెయ్యడమే పాపం అనేవాళ్ళూ ఉన్నారు. ఫ్రేములో ఏది పడితే అదే ఫోటో, తర్వాత ముట్టుకోకూడదు అంటారు. ఆ మాటకి పెద్దదిక్కు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సాన్. అయితే ఆయన ఫోటోల్లో అందరికీ తెలిసినది, 1932లో పారిస్ స్టేషను వెనక నీళ్ళ మడుగు మీద నుంచి మనిషి గెంతుతున్నది, కోసిన ఫోటోనే. కంచె సందులోంచి తియ్యాల్సి వచ్చింది కాబట్టి పక్కన అడ్డొచ్చింది తీసేశారు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీని పియానో దగ్గర తీసిన పోర్ట్రెయిట్ ఇంకా బాగా చెప్తుంది. ఫ్రేములో ఎక్కువ భాగం పియానో నల్లటి మూతే, మనిషి కింద ఓ మూలన చిన్నగా, చేతికి తల ఆనించుకుని ఉంటాడు. అసలు నెగెటివ్‌లో చుట్టూ చాలా గది ఉంది. దాన్ని కోసి, మూతని అంత పెద్దది చేసి, మనిషిని మూలకి నెట్టాడు న్యూమన్. అంత కత్తెర వేసినా మనిషి మీద వెయ్యలేదు.

మనం చేసేది దీనికి తలకిందులు. చుట్టూ ఉన్నదంతా చెత్త, ముఖం ఒక్కటే సరుకు అనుకుని ముఖం దాకా కోసుకుంటూ పోతాం. పెదనాన్న కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా, అడ్డంగా చీలి ఉండేది. ఎప్పుడో షిప్‌యార్డులో సుత్తి పడిందట. నలభై ఏళ్ళు ఆ గోరు అలాగే పెరిగింది. మా చిన్నప్పుడు దాన్ని పట్టుకుని కథ చెప్పమనేవాళ్ళం. ఏ ఫోటోలోనూ ఆ చెయ్యి లేదు. పెళ్ళి ఫోటోలో ఉండేదేమో గానీ, ముందు ఎవరిదో పట్టుచీర అడ్డం వచ్చింది. చేతులతో బతికినవాళ్ళని తీసేటప్పుడు ఛాతీ దగ్గర కొయ్యడం నాకిప్పుడు ముఖం కోసినంత తప్పుగా అనిపిస్తోంది.

మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర కొయ్యకూడదు, కీళ్ళ మధ్యలో కొయ్యాలి అన్న సూత్రం మంచిదే. మణికట్టు దగ్గర కోస్తే చెయ్యి తెగినట్టే ఉంటుంది. తల పైన కాస్త జుట్టు పోయినా ఫరవాలేదు, గడ్డం కింద పోకూడదన్నదీ నిజమే. కానీ ఇవన్నీ పాటించి తీసిన ఫోటోలు వందలు ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ గోడకెక్కలేదు.

## సేప పడిందా

సముద్రంలో వేట నిషేధం ముగిసి జూన్ 15న వేట మళ్ళీ మొదలైన వారంలో పెదజాలారిపేట ఒడ్డుకి వెళ్ళాను. స్నేహితుడి దగ్గర 70-200 జూమ్ లెన్సు అడిగి తెచ్చుకున్నాను. పడవలు వచ్చే వేళ. ఇసక మీద గంప ముందు కూర్చుని కానాగంత చేపలు ఏరుతున్న ఒకావిణ్ణి పదిహేను మీటర్ల నుంచి తీస్తున్నాను. ఆమెకి తెలీకుండా తీస్తే సహజంగా వస్తుందని నా నమ్మకం. ఆమెకి తెలుసు.

"ఏటి బాబూ, అక్కణ్ణుంచి ఏటి తీస్తన్నావు? ఇలగొచ్చి తియ్యి!"

దొంగ దొరికినట్టయింది. సంచిలోంచి 50 తీసి పెట్టుకుని దగ్గరికి వెళ్ళాను. రెండు మీటర్లు. నిలబడి తీస్తే పై నుంచి చూసినట్టు నుదురే పెద్దగా వస్తుంది కాబట్టి ఇసకలో గొంతుక్కూర్చున్నాను, ప్యాంటు తడిసింది. ఆమె వెంటనే బిగుసుకుపోయింది. పని ఆపేసి, పమిట సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రేషన్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది. దూరం నుంచి తీసిందే నయం అనిపించింది ఒక్క నిమిషం. నా వాదన మీద నాకే అనుమానం వచ్చిన నిమిషం అది. దగ్గరికెళ్తే మనిషి మారిపోతుంది. దూరంగా ఉంటే మనం దొంగలమవుతాం.

కెమెరా దించి, వంజరం ఎంతకిస్తున్నారని అడిగాను. ధర చెప్పింది. మరీ ఎక్కువన్నాను. అంతే, చేతులు లేచాయి, గొంతు లేచింది, డీజిలు రేటు దగ్గర్నుంచి రెండు నెలలు పొయ్యి ఎలా వెలిగిందో దాకా చెప్తూ, గంపలోంచి ఒక వంజరాన్ని తోక పట్టుకుని నా ముఖం మీదకి ఎత్తింది. అప్పుడు నొక్కాను. స్క్రీన్ చూపిస్తే తన ముఖం వైపు చూడనే లేదు.

"సేప పడిందా?"

పడింది. తోక దగ్గర్నుంచి తల దాకా నిలువుగా, ఆమె ముఖానికి సగం అడ్డంగా. ఒక కన్ను దాని వెనక ఉంది. ఇంటికొచ్చాక కోసి చూశాను. చేప లేకుండా కోస్తే లక్షణమైన పోర్ట్రెయిట్ రావడం లేదు, చేపతో ఉంచితే ఏ సూత్రానికీ నిలవడం లేదు. ప్రింటు వేయించి వారం తర్వాత ఇచ్చాను. 70-200తో దొంగతనంగా తీసినవి నలభై ఉన్నాయి. పదునుగా, వెనక సముద్రం మసకగా, అన్నీ బాగున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆమె నాతో మాట్లాడడం లేదు.

దూరం అన్న మాటకి ముక్కు లెక్కని మించిన అర్థం ఉందని అక్కడే తెలిసొచ్చింది. రెండు మీటర్ల దగ్గర మనిషి మనల్ని చూడకుండా ఉండలేదు. చూశాక ఏం జరుగుతుందన్నది లెన్సు చేతిలో లేదు. బేరం చెయ్యడం వచ్చుంటే కొంత నయం.

## కాళ్ళు

పెద్దకర్మ అయిన నెలకి, ఇంట్లో పెద్దవాళ్ళందరినీ వరసగా తియ్యాలని బయల్దేరాను. మొదటి వంతు పెద్దమ్మది. సింధియాలో వాళ్ళ ఇల్లు, ఇప్పుడు శ్లాబు వేశారు. (సింధియా అన్నది 1941లో ఇక్కడ షిప్‌యార్డు మొదలుపెట్టిన కంపెనీ పేరు. కంపెనీ పోయినా బస్సు మీద బోర్డు పోలేదు.)

గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఎదురింటి సున్నపు గోడ మీద పడ్డ ఎండ తిరిగి ముఖం మీద పడుతోంది. ఇంతకంటే మంచి లైటు స్టూడియోలో కూడా దొరకదు. రెండు మీటర్లు, 50 లెన్సు, కెమెరా ఆవిడ కళ్ళకి సమానంగా. చేతులు వచ్చేలా, మోకాళ్ళకి పైన కోసి, కళ్ళు ఫ్రేములో పైనుంచి మూడింట ఒక వంతు దగ్గర. నా పన్నెండేళ్ళ చదువంతా పెట్టి తీశాను. అక్కడికక్కడే చూపించాను.

"కాళ్ళేవీ?"

కాళ్ళు అక్కర్లేదు పెద్దమ్మా, ఇలాగే బాగుంటుంది అన్నాను.

"కాళ్ళు లేకుండా ఫోటో ఏటిరా? పోయినోళ్ళకి తీస్తారు అలగ."

ఇదెక్కడి లెక్క అని వాదించబోయాను గానీ ఆగాను. ఆవిడ చూసిన సగం ఫోటోలు ఎక్కడివి? ఫ్లెక్సీల మీద, దినపత్రికలో వర్ధంతి ప్రకటనల్లో, గోడ మీద దండ వేసినవి. పెళ్ళి ఫోటోలో, షిరిడీ వెళ్ళినప్పటి ఫోటోలో, మనవడి అన్నప్రాసన ఫోటోలో అందరికీ కాళ్ళుంటాయి. ఛాతీ దాకా కోసేది మనిషి పోయాకే. నేను పుస్తకాల్లో నేర్చుకున్న కంపోజిషన్‌కి ఆవిడ దగ్గర వేరే అర్థం ఉంది, దానికి రుజువు షామియానా కింద నెల రోజుల కిందటే కట్టాం.

ఒప్పుకున్నానని కాదు. ఆ మొదటి ఫోటో నాకిప్పటికీ బాగుంది, చేతులు చాలా బాగా వచ్చాయి. కానీ రెండు మెట్లు దిగి వీధిలోకి వచ్చి మళ్ళీ తీశాను. ఇప్పుడు నాలుగు మీటర్లు ఉంటుంది, ముఖం ఫ్రేములో గోరంత. కాళ్ళు వచ్చాయి, మెట్టెలు వచ్చాయి, గుమ్మానికి రాసిన పసుపు వచ్చింది, పక్కన నీళ్ళ డ్రమ్ము వచ్చింది. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని వేలితో జరుపుకుంటూ అంతా చూసింది పెద్దమ్మ.

"ఇది మటుకు కొయ్యకు," అంది.

కొయ్యలేదు. ఎడమ అంచున గ్యాస్ బండ సగం పడింది. అదీ అలాగే ఉంచాను.